పాలు మరిపించడం

మొన్నటి ఏప్రిల్‌లో మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల పాత తువ్వాలు ముక్క మీద బూడిదరంగు పిట్టపిల్ల. ఈకలు సగం ఇంకా గొట్టాల్లోనే ఉన్నాయి. నెత్తి మీద నాలుగు పోచల తురాయి, బుగ్గల మీద పడీపడనట్టు నారింజరంగు చుక్కలు. మూత తీయగానే మెడ సాచి, తల పైకీ కిందికీ ఊపుతూ గీపెట్టడం మొదలుపెట్టింది. నూనె లేని కుట్టుమిషను తొక్కితే వచ్చే చప్పుడు అది.

"కాకటీల్ అమ్మా. నాలుగు వారాల పిల్ల. నన్ను ఆరు వారాలు పుణె పొమ్మన్నారు ఆఫీసు వాళ్ళు. నీకిప్పుడు తీరికేగా" అంది. రిటైరైన ఆడవాళ్ళకి బోలెడంత తీరిక ఉంటుందని అందరూ నమ్ముతారు, స్త్రీవాదం చదువుకున్న కూతుళ్ళతో సహా.

ఏ పూట ఎంత పట్టాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పొడిని నీళ్ళలో జారుగా కలపాలి. వేడి 40 డిగ్రీల దగ్గర ఉండాలి. 43 దాటితే మెడ కింద మేతసంచి లోపల కాలుతుంది, 38కి తగ్గితే అరగక పులుస్తుంది. సూది లేని సిరంజితో పిట్ట ఎడమ దవడ నుంచి కుడివైపుకి పట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజూ పొద్దున్నే మేతకి ముందు వంటింటి కాటా మీద తూకం వేయాలి. ఇవన్నీ రాసి, చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది: "తనంతట తాను మానేదాకా మాన్పించొద్దు."

అమ్మాయి వెళ్ళిపోయాక కూడా ఆ వాక్యం ముందు చాలాసేపు నిలబడ్డాను.

మా ఇల్లు నూజివీడుకి కొద్ది దూరంలో తోట మధ్యనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో మా ప్రాంతం ఏలూరు జిల్లాలోకి వెళ్ళిపోయినా, అమ్మ మాత్రం అడ్రసు రాయాల్సొస్తే ఇంకా కృష్ణాజిల్లా అనే రాస్తుంది. నాన్న పోయినప్పటి నుంచీ తోటని పూత మీదే గుత్తకి ఇచ్చేస్తున్నాం. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంబడి కొత్తపల్లి కొబ్బరి. కాయ దింపే నెలల్లో ఇంట్లో మనశ్శాంతి ఉండదు. షెడ్డులో కాయలు ఏరి గడ్డి వేసి సర్దే ఆడవాళ్ళు, ట్రాక్టర్లు, వసారాలో అమ్మ ఆవకాయ జాడీలు. అందులోకి రోజుకి నాలుగుసార్లు సిరంజి పట్టుకుని కూర్చునే పని ఒకటి వచ్చిచేరింది.

"పెంచుకోడానికి మన చిలకలు లేవా?" అంది అమ్మ. ఉన్నాయి. ముసలి మామిడిచెట్ల తొర్రల్లో ఏటా పిల్లలు చేస్తాయి. నా చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర పంజరంలో ఒకటుండేది. నానబెట్టిన శనగలూ జాంపండు ముక్కలూ తింటూ మా బాబాయి గొంతుతో మమ్మల్ని తిట్టేది. దాన్ని తొర్రలోంచి తీసేనాటికి కళ్ళు కూడా తెరవలేదట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత మన చిలకని పట్టడం, పెంచడం నేరం. అందుకని బజార్లు ఆస్ట్రేలియా పిట్టలతో నిండాయి. పంజరాల్లోనే పుట్టి, పంజరాల్లోనే పిల్లలు చేసే పిట్టలు ఇవి.

వీటి వ్యాపారంలో 'హ్యాండ్ ఫెడ్' అనే మాటకి విలువెక్కువ. రెండు మూడు వారాల పిల్లని గూట్లోంచి తీసేసి మనిషి చేత్తో మేపితే అది మనిషికి మాలిమి అవుతుంది. తల్లి మేపిన పిల్ల మనల్ని చూసి బెదురుతుంది. కాకటీళ్ళలో తండ్రి కూడా గుడ్లు పొదుగుతాడు, పగలంతా ఎక్కువగా అతనిదే వంతు. పిల్లలకి మేత కక్కి పెట్టడంలోనూ ఇద్దరూ ఉంటారు. గూడు వదిలి ఎగిరాక కూడా కొన్ని వారాలు తల్లిదండ్రుల వెంటపడి తింటూ, పక్కన వాళ్ళేం కొరుకుతున్నారో చూసి అవీ కొరుకుతూ, పిల్లలు మెల్లగా అడగడం మానేస్తాయి. అక్కడ మాన్పించడం అనేది ఎవరో ఒకరు ఒక రోజు చేసే పని కాదు. గూట్లోంచి పిల్లని తీశాం కాబట్టే ఇప్పుడు సిరంజి, థర్మామీటరు, ఫ్రిజ్ మీద కాగితం. అవసరాన్ని మనమే పుట్టించి, దాన్ని తీర్చి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. ఇది నేను పిట్ట గురించే అంటున్నానా అంటే, అంత ఖచ్చితంగా చెప్పలేను.

ఐదో వారం దాటాక గిన్నెలు పెట్టడం మొదలుపెట్టాను. మొలకెత్తిన పెసలు, ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన కొత్తిమీర, మెత్తటి అన్నం, కొర్రలు. కొర్రలు అమ్మ దగ్గర పాత రేకుడబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. మా తోట చిన్నరసం ముక్క కూడా పెట్టాను. జనం హైదరాబాదు నుంచి మనుషుల్ని పంపించి తెప్పించుకునే పండు కదా, దీనికి నచ్చకపోతుందా అని. అది ముక్క మీదెక్కి నిలబడి, కాళ్ళు జిగురవుతున్నాయని నన్ను చూసి గీపెట్టింది. కొర్రల్ని గిన్నెలోంచి బయటికి చిమ్మింది. న్యూస్‌పేపరు అంచు మాత్రం శ్రద్ధగా కొరికింది. సిరంజి కనపడగానే రెక్కలు విదిలిస్తూ పరుగెత్తుకొచ్చేది.

ఆరో వారంలో నాకు విసుగొచ్చింది. దాచుకోవడం ఎందుకు. అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే, "రెండ్రోజులు పొడి ఆపెయ్యండి మేడమ్, ఆకలేస్తే అదే తింటుంది" అన్నాడు. ఆ పొద్దున్న తూకం 92 గ్రాములు. పగలంతా ఆపేశాను. పిట్ట గిన్నెల మధ్య తిరుగుతూ సాయంత్రం దాకా అరిచింది. అరిచీ అరిచీ చీకటిపడే వేళకి మూల కూర్చుని ఈకలు ఉబ్బించుకుని ఊరుకుంది. అలవాటు పడుతోంది అనుకున్నాను. తెల్లారి కాటా మీద పెడితే 84. రెట్ట ముదురాకుపచ్చగా, నీళ్ళలా ఉంది. పిట్టల గురించి తెలిసిన ఎవరైనా చెప్తారు, ఎగరడం నేర్చుకునే రోజుల్లో తూకం కొంచెం తగ్గడం మామూలే, పదోవంతు దాకా పోతే మాత్రం వెంటనే మేత పట్టాలి అని. చేతులు వణుకుతుండగా పొడి కలిపాను.

అమ్మ వసారాలో కూర్చుని చూస్తోంది. "ఊరుకుందంటే మానేసినట్టు కాదే. అడగడం మానేసినట్టు" అంది. కాసేపాగి, ఆవాలు చెరుగుతూనే, "నీ కూతురూ అంతే చేసింది" అంది.

ముప్ఫై ఏళ్ళుగా అమ్మ నాకు చెప్పని మాట అది.

మా అమ్మాయి 1994 జనవరిలో పుట్టింది. అప్పుడు నేను ఇక్కడికి ఆరేడు గంటల దూరంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ప్రకారం పన్నెండు వారాల సెలవు. పదమూడో వారంలో చేరకపోతే నా స్థానంలో తీసుకోవడానికి మనిషి రెడీగా ఉందని చెప్పారు. ఉద్యోగం వదులుకోనన్నాను. ఆ రోజుల్లో అది పోరాటం. ఇప్పటికీ ఆ నిర్ణయానికి చింతించడం లేదు, ఈ వ్యాసాన్ని ఎవరూ అలా చదవకూడదు. పాపని ఏప్రిల్‌లో తెచ్చి అమ్మ దగ్గర వదిలాను. ఇదే వసారా, ఇదే కాయలు దింపే కాలం.

నా వైపు సంగతి నాకు తెలుసు. సెకండియర్ క్లాసులో పాఠం మధ్యలో, ఎక్కడో కిటికీ బయట ఎవరి పాపో ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయింది. కాలేజీ బాత్రూంలో గోడకి ఆనుకుని పిండి పారబోసేదాన్ని. పక్కింటి పెద్దావిడ మల్లెపూలు తెచ్చి గుడ్డలో పరిచి రొమ్ములకి కట్టింది, పాలు వెనక్కి పోతాయని. మల్లెకి ఆ గుణం ఉందని 1988లో ఒక వైద్య పత్రికలో వ్యాసం కూడా వచ్చిందని తర్వాతెప్పుడో చదివాను. వేసవిలో ఎవరైనా మల్లెపూలు ఇస్తే తీసుకుంటాను గానీ తల్లో పెట్టుకోను. ఎందుకని ఎవరూ అడగలేదు.

పాప వైపు సంగతి ఇప్పుడు విన్నాను. నేను బస్సెక్కిన దగ్గర్నుంచీ రెండు రోజులు సీసా నోట పెట్టనివ్వలేదట. పీకని నాలుకతో తోసేసేదట. మా నాన్నతో సహా అందరూ "ఆకలేస్తే అదే తాగుతుంది" అన్నారట. రెండో రోజు సాయంత్రానికి ఏడుపు ఆగిపోయింది. నాన్న సంతోషించాడు. అమ్మ మాత్రం పాలు కలిపి, ఉగ్గుగిన్నెతో, నిద్రలో ఉన్న పిల్ల పెదాల మీద చుక్క చుక్కా వేస్తూ తెల్లార్లూ కూర్చుందట.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే వచ్చేసేదానివి" అంది.

అడ్రియెన్ రిచ్ 1976లో 'ఆఫ్ వుమన్ బోర్న్' రాస్తూ, మాతృత్వం స్త్రీకి ఒక అనుభవంగానూ, సమాజం నడిపే ఒక సంస్థగానూ రెండుగా ఉంటుందని విడదీసి చూపించింది. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. నా చదువుని, ఉద్యోగాన్ని నిలబెట్టడానికి అమ్మ ఒక్కతీ ఆ రెంటి మధ్యా ఎక్కడ కూర్చుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రసవం గురించి మనకి కొండేపూడి నిర్మల 'లేబర్‌రూం' ఉంది. పాలు మాన్పించడం గురించి ఏం చదివానా అని వెతుక్కుంటే నాకేదీ గుర్తు రాలేదు. పురిటి నొప్పికి ఒక రోజూ తేదీ ఉంటాయి. ఇది ఒక రోజున జరిగేది కాదు.

మన వాళ్ళు దీన్ని 'పాలు మరిపించడం' అంటారు. రొమ్ముకి వేపాకు పసరు రాస్తారు, తల్లిని నాలుగు రోజులు వేరే ఊరు పంపిస్తారు. మరిచిపోవాల్సింది బిడ్డ, మరిపించేది చుట్టూ ఉన్నవాళ్ళు. తల్లి ఏం చేయాలో ఆ మాటలో లేదు. పసరు రాసుకున్న చేదు ఆమె ఒంటి మీదే ఉంటుంది కదా, దాన్ని ఎవరు కడుగుతారు?

షెడ్డులో కాయలు సర్దడానికి వచ్చే వాళ్ళలో ఒకామె తొమ్మిది నెలల పిల్లాణ్ణి వెంట తెస్తుంది. పాత చీర ఉయ్యాలగా కొమ్మకి కట్టి, మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్తుంది. ఒకరోజు నేను సిరంజి పట్టుకుని కూర్చుంటే నీళ్ళకోసం వచ్చి నిలబడి చూసింది. "దీనికి ఇంకా ఎన్నాళ్ళు పట్టాలమ్మగారూ?" అంది. అదే మానేదాకా అన్నాను. "అదృష్టవంతురాలు" అని నవ్వింది. కాయలైపోగానే పొగాకు పనికి పోవాలట, అక్కడ పిల్లల్ని తేనివ్వరు, ఆలోగా మాన్పించెయ్యాలి. 2017లో ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలకి పెంచినప్పుడు మేమంతా సభ పెట్టి మరీ హర్షించాం. ఆ చట్టం ఆమె దగ్గరికి రాదు. ఆమె యజమాని ఎవరో ఆమెకే తెలియదు, ఒక్కో వారం ఒక్కో మేస్త్రీ. అదే ఏడాది వచ్చిన మాతృ వందన పథకంలో మొదటి కాన్పుకి ఇచ్చే 5,000 రూపాయలు అందాయట, ఆసుపత్రి ఆటోలకీ మందులకీ అయిపోయాయట. "మీ పిట్ట ఆడదా మగదా?" అని అడిగింది వెళ్తూ. ఈ వయసులో చూసి చెప్పలేం అన్నాను. దానికీ నవ్వింది. ఆ రోజంతా సిరంజి పట్టుకుంటే సిగ్గేసింది. పట్టడం మాత్రం మానలేదు.

మళ్ళీ మూడుపూటలా పట్టాను. గిన్నెలు తీయలేదు గానీ వాటి పక్కన కూర్చుని చూడడం మానేశాను. ఎనిమిదో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మ చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళేరుతోంది. పిట్ట గచ్చు మీద నడుచుకుంటూ వెళ్ళి చేట అంచెక్కింది. అమ్మ పట్టించుకోలేదు, ఆమె వేలు గింజల మధ్య టకటకా ఆడుతోంది. పిట్ట ఆ వేలినే చూసి చూసి, ముక్కుతో ఒక గింజ తీసింది. నాలుక మీద అటూ ఇటూ దొర్లించి పొట్టు ఊదేసింది. ఇంకొకటి. నేను గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది నా వైపు చూసి ఉంటే మళ్ళీ గీపెట్టేదేమో. చూడలేదు.

ఆ తర్వాత పొద్దుటి మేత మానేసింది. నాలుగు రోజులకి మధ్యాహ్నందీ. సాయంత్రందే ఎక్కువకాలం ఉండిపోయింది. పిల్లలెవరికైనా చీకటిపడే వేళే కష్టం. ఒక్కోరోజు కడుపు నిండా కొర్రలు తిని కూడా నా భుజమెక్కి తల ఊపేది. ఆకలి కాదని తెలిసీ రెండు చుక్కలు పట్టేదాన్ని. మే నెలాఖరున ఒక సాయంత్రం సిరంజి దగ్గర పెడితే ముక్కుతో ఒకసారి తాకి, మొహం తిప్పేసుకుని ఫ్యాను రెక్క మీదికి ఎగిరిపోయింది. కరెంటు పోయి ఉంది కాబట్టి సరిపోయింది. చేతిలో సిరంజి చల్లారిపోయేదాకా కిందే నిలబడ్డాను. తూకం 95.

మర్నాడు షెడ్డు వైపు వెళ్తే ఉయ్యాల కొమ్మకి లేదు. ఆమె ఒక్కతే వచ్చింది. పిల్లాడేడీ అంటే అత్తగారి దగ్గర అంది, తలెత్తకుండా కాయలు సర్దుతూ.

జూన్ మొదటి వారంలో మా అమ్మాయి వచ్చింది. రెండు గంటలసేపు పిట్టని భుజాన వేసుకుని తిరిగింది. "చూశావా, దానంతట అదే మానేసింది, నేను చెప్పలా!" అంది. అవునన్నాను. నేను ఆపేసిన ఆ ఒక్కరోజు సంగతి చెప్పాలా వద్దా అని అన్నం తింటున్నంతసేపూ ఆలోచించి, చేయి కడుక్కున్నాక చెప్పాను. తర్వాత 1994 సంగతి కూడా. అది వింటూ, చాలాసేపు, పిట్ట మెడ మీద ఈకలు దువ్వుతూ ఉండిపోయింది. "నాకేం గుర్తు లేదమ్మా" అంది చివరికి. కోపంగా అనలేదు, ఓదార్చడానికీ అనలేదు.

ప్రయాణమవుతుంటే అమ్మ కొర్రల డబ్బా తెచ్చి దాని సంచిలో పెట్టింది. రంగు పూర్తిగా పోయిన రేకుడబ్బా, మూత మీద చుట్టూ తుప్పు. "ఈ పాతది ఎందుకమ్మమ్మా, కవర్లో పోసివ్వు" అంది అమ్మాయి. "నీ పాలడబ్బానే అది. గింజలు పురుగు పట్టవు అందులో" అంది అమ్మ. అయిపోయాక మాత్రం డబ్బా మర్చిపోకుండా తెచ్చివ్వాలని రెండుసార్లు చెప్పింది.