మోత తగ్గినంత మాత్రాన విషం తగ్గదు



ఛత్రినాకలో మా ఇంటి వెనుక సందులో ఒక మెకానిక్ షెడ్డు ఉన్నది. నిరుటి వానాకాలంలో మా తమ్ముడు తన మామిడితోటలో వాడే చిన్న ట్రాక్టరును అక్కడికి తెచ్చాడు. పాత ఇంజను పాడైపోగా వేరొక పెట్రోలు ఇంజను బిగించారు. పాత సైలెన్సరు దానికి అమరలేదు. కొత్తది తెచ్చి బిగించి, వాన జల్లు కొడుతున్నదని షట్టరు సగానికి దించి, ఇంజను నడిపి చూశారు. మోత బాగా తగ్గింది. అందరమూ సంతోషించాము.

కాసేపటికి పని నేర్చుకొనే కుర్రవాడు "తల పగిలిపోతోంది, డాక్టర్ సాబ్" అన్నాడు. ఉదయం నుండి ఏమీ తినలేదేమో అనుకున్నాను. అంతలో నా తలా బరువెక్కింది. ఇద్దరికీ ఒకేసారి అదే బాధ కలిగినదంటే కారణం గాలిలోనే ఉన్నది! వెంటనే ఇంజను ఆపించి, షట్టరు ఎత్తించి, అందరినీ బయటికి పంపాను. ఆ కుర్రవానికి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. నా ఆ తొలి పొరపాటు నేటికీ నన్ను బాధిస్తున్నది.

సైలెన్సరు ధ్వనిని అణచుతుందే గాని కార్బన్ మోనాక్సైడును తొలగించదు. రంగూ వాసనా లేని ఆ వాయువు, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి తగిలించే ఆక్సీమీటరు సైతం అంతా బాగున్నట్లే చూపి మోసగించవచ్చు.

అందుచేత ఇంజనును ఆరుబయటనే పరీక్షించండి. సైలెన్సరు మార్చినప్పుడు కొత్త గాస్కెట్ వేయించండి. అతుకు వద్ద మసి చార కనిపిస్తే అక్కడ పొగ కారుతున్నట్లే. గొట్టం మూతి నడిపేవాని వైపు ఉండరాదు. ఇంజను దగ్గర తలనొప్పి వస్తే, మాత్ర వెతకకండి. ముందు బయటికి రండి.