ఇసుక నిండిన గది

నమీబియా ఎడారిలోని కోల్మన్‌స్కోప్ ఫొటోలంటే నాకు ప్రాణం. 1908లో రైలు పట్టాల మీది ఇసుక ఎత్తిపోస్తున్న జకరియాస్ లెవాలా అనే కూలీకి అక్కడ వజ్రం దొరికింది. జర్మన్లు ఊరే కట్టేశారు. ఆసుపత్రి, నాట్యశాల, ఎడారిలో ఐస్ ఫ్యాక్టరీ కూడా! వజ్రాలు తగ్గాయి; 1956 నాటికి ఊరు ఖాళీ.

ఇప్పుడు గదుల నిండా ఇసుకే. ఒక ఫొటోలో తలుపు సగం తెరుచుకుని అలాగే ఇసుకలో బిగుసుకుపోయింది. పెచ్చులూడిన నీలం గోడ మీద కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ తలుపు వెనక ఏ పిల్లలు దాక్కున్నారో అనుకుంటూ ఎంతసేపైనా చూస్తూ ఉండిపోతాను.

ఫొటోలు తీసేవాళ్లకు నాదొక్కటే మనవి. గాలి గీసిన ఆ ఇసుక అలల్ని తొక్కకండి, గుమ్మంలోనే నిలబడి తీయండి.