మాలుకి వెళ్లేవాళ్ల హిఫాజత్

పెద్ద కంపెనీల వాళ్లు తమ మనుషుల్ని ఏదైనా దేశ రాజధానికి పని మీద పంపేటప్పుడు చేతికో కాగితం ఇస్తారు. షహర్ దాదాపు సేఫే, అయినా జాగ్రత్త అని. ఖరీదైన వాచీ పెట్టుకోవద్దు, రోడ్డు మీద టాక్సీ ఆపొద్దు, పాస్‌పోర్టు జిరాక్సు విడిగా ఉంచుకోండి, గది నంబరు గట్టిగా చెప్పొద్దు. పత్రిక ఉద్యోగంలో ఇలాంటివి చాలానే చదివాను. చదివినప్పుడల్లా మా మాచర్ల మామూ గుర్తొస్తాడు. ఆయనకెవరూ కాగితం ఇవ్వలేదు. రెడీమేడ్ బట్టల దుకాణం ఆయనది. షాబాన్‌లో ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి హైదరాబాద్ మాలుకి వెళ్లేవాడు.

ఆయన కాయిదాలు ఆయనకుండేవి. డబ్బు మూడు చోట్ల. పెద్ద మొత్తం ముమానీ బనీనుకి లోపల కుట్టిన జేబులో. కొంత సంచి అడుగున పాత లుంగీ మడతలో. బస్సు చార్జీ, చాయ్ ఖర్చు మాత్రం చొక్కా పైజేబులో. "పైజేబు దొంగగారి హిస్సా, పోతే పోనీ" అనేవాడు. రాత్రి బస్సు ఎక్కడు. ఫజర్ చదువుకుని మొదటి బస్సు. సాగర్ మీదుగా 170 కిలోమీటర్లు ఉంటుందేమో, మధ్యాహ్నానికల్లా ఇమ్లీబన్‌లో దిగి, అటూ ఇటూ చూడకుండా పత్తర్‌గట్టీకి నడక. అక్కడ ఇరవై ఏళ్లుగా తెలిసిన సేఠ్ దుకాణం. డబ్బంతా ఆయన గల్లాలో అమానత్ పెట్టేసి, అప్పుడు ఒళ్లు విరుచుకునేవాడు. తర్వాత ఖాళీ చేతులతో మదీనా, చార్మినార్, బేగంబజార్ ఎంత తిరిగినా ఫికర్ లేదు. సాయంత్రం హిసాబ్ చూసుకుని, మాలు ట్రాన్స్‌పోర్టులో వేసి, రాత్రికి లాడ్జీ. నన్నడిగితే ఆ కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేని హిఫాజత్ ఇదే. షహర్లో నీ డబ్బు తీసుకుని రసీదు అడగనివ్వని ఒక్క మనిషి.

ఇక నానీమా హిఫాజత్ వేరు. బయల్దేరే ముందు రూపాయి బిళ్ల గుడ్డలో చుట్టి మామూ కుడి జబ్బకి ఇమామ్ జామిన్ కట్టేది. క్షేమంగా చేరాక మామూ ఆ బిళ్లను మక్కా మసీదు దగ్గర ఫకీరుకి ఇచ్చేవాడు. మా మౌల్వీసాబ్ ఇది దీన్‌లో లేదనేవారు. "దీన్ సంగతి మీరు చూసుకోండి, బిడ్డ సంగతి నేను చూసుకుంటా" అనేది నానీమా.

పల్నాడు వాళ్లకి హైదరాబాద్ సేఫ్ షహరా కాదా అని అడిగితే మామూ నవ్వేవాడు. "మన ఊరి కన్నానా?" నవ్వుకి కారణముంది. 2024 మే 13 పోలింగ్ గొడవల తర్వాత మాచర్ల, నరసరావుపేటల్లో 144 సెక్షన్ పెట్టారు. జిల్లా ఎస్పీని సస్పెండ్ చేశారు, కలెక్టర్ని మార్చారు. మా బజారు షట్టర్లు దించి ఉంటే, ఇప్పుడు దుకాణం నడుపుతున్న మామూ కొడుకు హైదరాబాద్ వెళ్లి కూర్చున్నాడు. అక్కడ కంటినిండా నిద్రపట్టిందన్నాడు. ఇరవై రోజులకి, జూన్ 2న, ఆ షహర్ మనకి ఉమ్మడి రాజధాని కూడా కాకుండా పోయింది. కాగితం మీద మన రాజధాని అమరావతి. మాలు మాత్రం బేగంబజార్‌లోనే.

అదే ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. అప్పటికి రంజాన్ మొదలై వారం కాలేదు. ఆఖరి అష్రా గిరాకీకి రెండో విడత మాలు తేవాల్సిన రోజులు. కోడ్ ఉన్నప్పుడు 50,000 దాటిన నగదుకి లెక్క చూపకపోతే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. దొంగకి భయపడి బనీనులో దాచిన డబ్బు పోలీసుకి దొరికితే, దాచడమే షక్ అవుతుంది! కాబట్టి తిజారత్ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: బ్యాంకులో డ్రా చేసిన స్లిప్పు, జీఎస్టీ సర్టిఫికెట్ జిరాక్సు, పాత బిల్లులు రెండు మూడు డబ్బుతోపాటే ఉండాలి. పట్టుకుంటే రసీదు అడగండి. విడిపించడానికి జిల్లాలో కమిటీ ఉంటుంది. మామూ కొడుకు ఆ ఫైలు చంకలో పెట్టుకునే వెళ్లాడు, అల్హమ్దులిల్లాహ్, ఆగకుండా వచ్చాడు. ఫోన్లో కొట్టే డబ్బుకి ఈ గొడవ లేదు కానీ అక్కడ దొంగలు వేరు. మోసం జరిగితే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాక కాదు.

ఇక ఏ కాగితంలోనూ లేని సంగతి. ఆ జాగ్రత్తలన్నీ ముసాఫిర్‌కి షహర్ వల్ల ఖత్రా ఉందనుకుని రాసినవి. షహరే ముసాఫిర్‌ని ఖత్రా అనుకుంటే ఏం చేయాలి?

2007 మే 18, జుమ్మా రోజు, మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజ్‌కి వచ్చిన 9 మంది పోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. చచ్చింది మనవాళ్లు, పట్టుకెళ్లిందీ మన పిల్లల్నే. వాళ్లు నిర్దోషులని తేలాక ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. ఆ ఉత్తర్వునీ 2013లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఏడాదే ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు. మా సాగర్ బస్సులు వెళ్లే దారి అది. కొన్ని వారాలకి నేనూ మామూ కొడుకూ మాలుకి వెళ్లాం. లాడ్జీ కౌంటర్లో అతను నా లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, గదుల్లేవన్నాడు. మేం మెట్లు దిగుతుండగానే వెనకొచ్చినాయనకి తాళంచెవి ఇచ్చాడు. మామూ కొడుకు ఏమీ అనలేదు. సంచి భుజం మార్చుకుని అఫ్జల్‌గంజ్ వైపు నడిచాడు. కౌంటర్లోని మనిషికి కూడా ఖౌఫ్ ఉండి ఉండొచ్చు. అలాంటి రోజుల్లో పోలీసులు వచ్చి చూసేది లాడ్జీ రిజిస్టరే. కానీ ఆ ఖౌఫ్ ఖరీదు రాత్రి తొమ్మిదింటికి మేమెందుకు కట్టాలి?

ఇప్పుడు మాస్క్డ్ ఆధార్ ఇవ్వమంటున్నారు. మంచిదే, నంబరు దాగుతుంది. పేరు దాగదు. డిజిటల్ అరెస్ట్ అని ఫోన్ చేసేవాళ్లకి కూడా ఈ సంగతి బాగా తెలుసు. మీ పేరుతో పార్సిల్ దొరికింది, టెర్రరిస్టు కేసు అంటారు. రోజూ పార్సిళ్లు పంపే మన దుకాణదారు పేరు వినగానే చల్లబడిపోతాడు. చట్టంలో డిజిటల్ అరెస్టన్నదే లేదు. నిజమైన అరెస్టుకి నియమాలున్నాయి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: పట్టుకునే పోలీసుకి పేరు పట్టీ ఉండాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకి కబురు చేయాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ. ఈ నాలుగు ముక్కలు మన పిల్లలకి సఫర్ దువాతోపాటు నేర్పాలి.

గురజాలలో ఉండే మా ఖాలాకి ఇవేవీ అక్కర్లేదు. లాడ్జీ ముఖమే చూడదు. నడికుడిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, లాడ్ బజార్‌లో గాజులు, డ్రెస్ మెటీరియల్ కొని, రాత్రికి అదే బండికి తిరిగొస్తుంది. ఇంట్లోనే అమ్ముతుంది. బుర్ఖాలోనే వెళ్తుంది. చార్మినార్ దగ్గర ఎవరూ పట్టించుకోరట, బండిలోనే చూస్తారట. అప్పుడేం చేస్తావంటే, "కూర్చుంటూనే పల్నాడు తెలుగులో మొదలెడతా. ఏమ్మా, పిడుగురాళ్లేనా, మిరపకాయ రేటెట్టా ఉంది అని. నోరు తెరిస్తే చాలు, సంచి తీసి చోటిస్తారు" అంది. డిగ్రీ తెలుగు చదివింది నేను. వాడుకుంటోంది ఖాలా.

ఈసారి మా అమ్మాయిని వెంట తీసుకెళ్తానంటోంది. పరీక్షలున్నాయి కదా అన్నాను. "ఒక్కరోజే కదరా" అని టికెట్ కూడా చెప్పేసింది.