పుంగనూరు మిద్దె మీద నుంచి పడిన పిల్లి

కుప్పంలో రైలు దిగి పలమనేరు మీదుగా పుంగనూరు, అక్కణ్నుంచి మదనపల్లె. ఈ రూట్లో ఏం చూడాలని అడిగితే అందరూ పొట్టి ఆవులు, టమాటా మార్కెట్, హార్స్‌లీ హిల్స్ అంటారు. నాకు మాత్రం దారి పొడవునా పిల్లులే కనిపించాయి. ఇటు పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. పురుగులుంటే ఎలుకలొస్తాయి, ఎలుకలుంటే పిల్లులకు పని. జీతం మాత్రం ఉండదు!

పుంగనూరులో ఫ్రెండ్ వాళ్లింట్లో ఉండగా, రెండంతస్తుల మిద్దె మీద నుంచి ఓ వీధి పిల్లి కింద పడింది. లేచి నడిచి, మెట్ల కింద దూరింది. "పిల్లికేమవుతాది నాయనా, ఎట్ల పడినా కాళ్ల మీదే పడతాది" అంది వాళ్లవ్వ.

అవ్వ మాట సగం నిజం. పిల్లి గాల్లోనే ఒళ్లు తిప్పుకుంటుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మారే 1894లోనే దాన్ని వరస ఫొటోల్లో చూపించాడు. మిగతా సగం న్యూయార్క్‌లో తేలింది. మేడల మీద నుంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల గురించి అక్కడి పశువైద్యులు 1987లో రాశారు. చికిత్స చేసినవాటిలో 90 శాతం బతికాయి. కానీ చాలావాటికి ఛాతీలో దెబ్బలు, పైకి కనపడనివి. అంటే నడిచిందని వదిలేయకూడదు.

మా పిల్లి నోరు తెరిచి రొప్పుతోంది. అది మంచి గుర్తు కాదు. మందపాటి తువ్వాలు కప్పి, టమాటా క్రేట్‌లో పెట్టి, పైన ఇంకో క్రేట్ బోర్లించాం. గాలి ఆడుతుంది, దూకలేదు. పశువుల ఆసుపత్రిలో ఆవులు, మేకల వెనక లైన్లో నిలబడ్డాం. ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిందన్నారు డాక్టర్. మందులిచ్చి, కదలనీయకుండా ఉంచమన్నారు. మూడో రోజు చేప ముక్క తినింది.

మీకూ ఇలాంటిది ఎదురైతే రెండు విషయాలు గుర్తుంచుకోండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ వేయకండి, పిల్లికి అది విషం. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బుతో కడుక్కుని, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పుంగనూరు ఆవు తగ్గిపోయిందని పలమనేరు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. వీధి పిల్లికి జాతి పేరు లేదు, కేంద్రమూ లేదు. దానికి కావాల్సిందల్లా రెండు క్రేట్లు, ఒక పూట టైమ్, అంతే.