కండా? సత్తువా?

బలవంతుడు ఎవరని అడిగితే మనలో చాలామంది కళ్ళ ముందు మెదిలేది ఉబ్బిన భుజాలు, విశాలమైన వక్షస్థలం. కండ ఎంత ఉంటే బలం అంత ఉంటుందన్నది లోకంలో పాతుకుపోయిన అభిప్రాయం. అది పూర్తిగా అసత్యం కాదు, అలాగని పూర్తి సత్యమూ కాదు.

ఉక్కుతో నిత్యసంబంధం ఉన్న మనవంటి వారికి ఈ సంగతి సులభంగానే బోధపడుతుంది. ఒకే మందం గల రెండు కడ్డీలను తీసుకుందాం. ఒకటి ఎఫ్‌ఇ 415 రకం, రెండవది ఎఫ్‌ఇ 500 రకం. కొలిచి చూస్తే రెండింటి వ్యాసమూ ఒక్కటే. కాని మొదటిది చదరపు మిల్లీమీటరుకు కనీసం 415 న్యూటన్ల ఒత్తిడి వరకు శాశ్వతంగా సాగకుండా నిలుస్తుంది, రెండవది 500 వరకు నిలుస్తుంది. తేడా లోహం లోపలి నిర్మాణంలో ఉంది. మన కండరం విషయమూ దాదాపు ఇంతే. కండరం మందం ఒక ఎత్తు. అందులోని పోగులలో ఎన్నింటిని, ఎంత త్వరగా, ఎంత సమన్వయంతో నాడీమండలం పనిలోకి దింపగలదన్నది మరొక ఎత్తు. ఈ రెండూ కలిసినప్పుడే దానిని సత్తువ అంటాము.

ఈ విచారణ నాకు పుస్తకాల వల్ల కలిగినది కాదు, ఇంటి పరిస్థితుల వల్ల కలిగింది. 1912లో తొలి ఉక్కు పోత పోసిన ఈ పట్టణం 1919లో జంషెడ్‌పూరు అన్న పేరు పొందింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువారు ఎందరో తరతరాలుగా దీనిని తమ ఊరు చేసుకున్నారు. మా నాన్నగారు పాలకొండ ప్రాంతం నుంచి ఇరవై ఏళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి ఖలాసీగా పనిచేశారు. పడుచుతనంలో సంక్రాంతికి ఊళ్ళో సంగిడి రాయి ఎత్తిన మనిషి. ఇప్పుడు ఆయనకు ఎనభై రెండేళ్ళు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన శరీరానికి బరువుతో పని లేకుండా పోయింది. నిరుడు వేసవి నాటికి రెండు చేతులూ ఆనించనిదే కుర్చీలోంచి లేవలేని స్థితి వచ్చింది. “ఏటిరా, ఈ కాళ్ళు నావేనేటిరా?” అని ఒకనాడు అడిగారు. నాకు యాభై మూడేళ్ళు. రక్తంలో చక్కెర హద్దు దగ్గర నిలిచి ఉంది. ఆ ప్రశ్న నన్ను ఉద్దేశించినదిగానే నాకు వినిపించింది.

అదే నెలలో మా అబ్బాయి మరొక చిక్కు తెచ్చాడు. ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నాడు, ఛాతీ పెంచాలన్న కోరిక. తాను వెళ్ళే చోట ఎవరో ఇంజక్షన్లు తీసుకుంటే మూడు నెలల్లో చేతులు రెట్టింపవుతాయని చెప్పారట. “మీరేమంటారు నాన్నా?” అని నన్నే అడిగాడు. అడిగినందుకు సంతోషించాను. అటువంటి స్టీరాయిడు మందులు గుండెకు, కాలేయానికి చేటు చేస్తాయి. శరీరం సహజంగా తయారుచేసుకొనే హార్మోనును అణచివేస్తాయి. ఈ మాటలు చెప్పి ఊరుకుంటే ఇరవై ఏళ్ళ కుర్రవాడు వింటాడా? “నీతోపాటు నేనూ వస్తాను. ఎనిమిది నెలలు సక్రమమైన పద్ధతిలో చేద్దాం. ఆ తరువాత మాట్లాడుకుందాం” అన్నాను.

కదమాలో ఒక చిన్న వ్యాయామశాల ఉంది. అద్దాలు తక్కువ, ఇనుము ఎక్కువ. నడిపేది ఒక వృద్ధ వంగదేశీయుడు. గోడ మీద రెండు చిత్రపటాలు ఉన్నాయి. ఒకటి 1951లో మిస్టర్ యూనివర్స్ పోటీలలో తన విభాగాన గెలిచిన మనతోష్ రాయ్‌ది. మరొకటి 1952లో తన విభాగాన గెలిచిన మనోహర్ ఐచ్‌ది. ఐదడుగుల ఎత్తయినా లేని ఆ ఐచ్ నూరేళ్ళు దాటి జీవించి 2016లో కన్నుమూశారు. ఆ పటాల సరసన మన వీరఘట్టంలో 1882లో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలిపించుకొన్న కోడి రామమూర్తి నాయుడుగారి పటం కూడా ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

మా ఇద్దరి కోరికలూ విని గురువుగారు నవ్వారు. “దాదా, మీ అబ్బాయి అద్దం కోసం వచ్చాడు, మీరు కుర్చీ కోసం వచ్చారు. ఇనుము ఇద్దరికీ ఒక్కటే” అన్నారు.

ఆయన బోధించిన సూత్రాలు ఇవి. కండ పెరగడానికి ముఖ్యమైనది మొత్తం పని. ఒక్కొక్క కండరానికి వారానికి సుమారు పది సెట్లు పడాలి. ప్రతి సెట్టూ మరి ఒకటి రెండు సార్లకు మించి ఎత్తలేము అన్నంత వరకు సాగాలి. బరువు మధ్యస్థంగా ఉండి ఆరు నుంచి పన్నెండు సార్లు ఎత్తడం అనుకూలమే గాని, అంతకంటె తేలిక బరువును ఎక్కువ సార్లు ఎత్తినా కండ పెరుగుతుంది. సత్తువ మాత్రం పెద్ద బరువునే కోరుతుంది. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో నూటికి ఎనభై పాళ్ళు, ఆ పైన ఉండాలి. ఒకటి నుంచి ఐదు సార్లు చాలు. సెట్టుకూ సెట్టుకూ నడుమ మూడు నిమిషాలకు తగ్గని విశ్రాంతి కావాలి. బరువెత్తడం ఒక విద్య. ఏ కదలికలో బలం కావాలో ఆ కదలికనే అభ్యసించాలి. కొత్తవారికి తొలి వారాలలో కలిగే అభివృద్ధి చాలావరకు నాడుల శిక్షణ వల్లనే. కండ ఆ తరువాత వస్తుంది.

ఈ రెండింటికీ ఉమ్మడి మూలసూత్రం బరువును క్రమక్రమంగా పెంచడం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో వైద్యుడైన థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల కాళ్ళకు ఈ పద్ధతిలోనే బలం చేకూర్చి 1945లో దానిని ప్రచురించారు. మూడుసార్లు మిస్టర్ యూనివర్స్ బిరుదు పొందిన రెగ్ పార్క్ 1960లో కండను, సత్తువను కలిపి సాధించడానికి ఐదేసి సార్లు ఐదు సెట్ల పద్ధతిని ప్రచారం చేశారు. మాకు కుదిర్చిన కార్యక్రమానికి వెన్నెముక అదే.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి రకం రోజున బరువుతో బస్కీలు, బెంచ్ ప్రెస్ ఐదేసి సార్లు ఐదు సెట్లు, ఆపై కడ్డీని నడుముకు లాగుకొనే వ్యాయామం ఎనిమిదేసి సార్లు మూడు సెట్లు. రెండవ రకం రోజున డెడ్‌లిఫ్ట్ ఐదేసి సార్లు మూడు సెట్లు, తల పైకెత్తే ప్రెస్ ఐదేసి సార్లు ఐదు సెట్లు, ఆపై పుల్‌డౌన్ పదేసి సార్లు మూడు సెట్లు. ఈ రెండు రకాలు ఒకదాని తరువాత ఒకటి మారుతూ వస్తాయి. ఇంతవరకు మా ఇద్దరికీ సమానం. ఇక్కడ నేను ఇంటికి వెళ్ళవచ్చు. మా అబ్బాయికి మరొక ఇరవై నిమిషాల పని ఉంటుంది. భుజాలకు, చేతులకు, ఛాతీకి తేలిక బరువులతో పది నుంచి పదిహేను సార్లు, మూడేసి సెట్లు. అతని కండకు కావలసిన అదనపు పని అక్కడ దొరుకుతుంది.

తొలి ఆరు వారాలు పెద్ద బరువులు ముట్టనివ్వలేదు. భంగిమ కుదిరిన తరువాతనే అసలు లెక్క మొదలయింది. అన్ని సెట్లూ పూర్తి చేయగలిగితే తరువాతిసారి రెండున్నర కిలోలు చేర్చాలి. వరుసగా రెండుసార్లు తప్పితే పదోవంతు తగ్గించి మళ్ళీ ఎక్కాలి. ప్రతి ఎనిమిదవ వారం తేలిక వారం. వరుస రాత్రి డ్యూటీల వారంలో మూడు రోజులకు బదులు రెండు రోజులు చాలు. నిద్ర చాలని శరీరంపై బరువు మోపవద్దని గురువుగారి ఆజ్ఞ.

ఆహారం కోసం డబ్బా పొడుల జోలికి పోలేదు. వ్యాయామం చేసేవారికి శరీరపు బరువులో కిలో ఒక్కంటికి రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు ఉంటే చాలునంటారు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగాలి. ఇక్కడ వీధి వీధినా దొరికే శనగ సత్తు నూరు గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దానికి గ్రుడ్లు, చేప, పప్పు, పెరుగు తోడయ్యాయి. మా శ్రీమతి వారానికోసారి ఉలవచారు కాచింది.

ఎనిమిది నెలల ఫలితం ఇది. ఖాళీ కడ్డీ 20 కిలోలతో మొదలుపెట్టిన నా బస్కీ 70 కిలోలకు చేరింది. మా అబ్బాయి 95 కిలోలు చేస్తున్నాడు. శరీరపు బరువు 58 నుంచి 63 కిలోలయింది, పాత చొక్కాలు భుజాల దగ్గర పట్టడం లేదు. ఇంజక్షన్ ఊసు అతని నోట మళ్ళీ రాలేదు. బరువు తానే పెంచుకొన్నవాడికి దాని విలువ తెలుస్తుంది కాబోలు.

అన్నిటికంటె నాకు విలువైనది మా నాన్నగారి లెక్క. వైద్యుని అనుమతితో గురువుగారు ఆయనకూ ఒక కార్యక్రమం వేశారు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. కుదిరిన కొద్దీ ఒక దిండు తీసివేయడం. సూత్రం అదే, పరిమాణమే వేరు. నేడు దిండు లేని కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేస్తున్నారు. లెక్క ఆయనే పైకి చెప్పుకొంటారు.

మిత్రులలో కొందరు “ఈ వయసులో ఇనుమెందుకు?” అంటారు. ముప్పై దాటిన తరువాత వాడని కండ కొంచెం కొంచెంగా తరుగుతుంది, అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. భోజనానంతరం రక్తంలోకి చేరే చక్కెరలో అధికభాగాన్ని ఇముడ్చుకొనేది కండరాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చేయాలని స్పష్టంగా ఉంది. ఈ మాట సోదరీమణులకూ వర్తిస్తుంది. ఆముదాలవలస ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఆమె పోటీపడినది 69 కిలోల విభాగంలో. శరీరపు పరిమాణమే బలం కాదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

కాబట్టి కార్యక్రమం ఎన్నుకొనేవారు ముందుగా దేనికోసమో నిర్ణయించుకోవాలి. కండ కావాలంటే పని పెంచండి, సత్తువ కావాలంటే బరువు పెంచండి. రెండూ కావాలంటే ముందు పెద్ద బరువు, తరువాత తేలిక బరువు. రక్తపోటు, గుండె జబ్బు, కీళ్ళ బాధ ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొనిగాని కడ్డీ ముట్టవద్దు. ఎన్నుకొన్నది ఏదైనా ఆరు నెలలు మార్చకండి. రోజూ ఎత్తిన బరువు ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోండి. మన స్టోర్సు రిజిస్టరు వలె అది కూడా అబద్ధం చెప్పదు.