కుంభార్‌వాడ పెంకులు

బొంబాయిలో యాభై ఏళ్ళు కాపురం చేసి కూడా నేను ధారావి కుంభార్‌వాడలో కాలు పెట్టింది పోయిన ఏడాదే. దీపావళికి దీపంతలు మన నాకా దగ్గరికే బండి మీద వస్తాయి. కుండ కావాలన్నా ఇంటి ముందుకే వస్తుంది. ఇంక అంత దూరం పోయే పని ఏముంటది? అట్లాంటిది పోయిన ఏడు మూడుసార్లు పోవలసి వచ్చింది, అదీ ఒక చేపల టాంకీ కోసం.

మా చాల్‌లో మూడో అంతస్తులో ఉండే ఒకతను ఖోలీ ఖాళీ చేసి పోతూ తన చేపల టాంకీని మా మనుమడికి ఇచ్చిపోయాడు. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. ఒక మూల కారుతుంటే సిలికాన్ పూసి ఆపాము. పిల్లగాడికి పదకొండేళ్ళు. వాళ్ళ నాయన, అంటే నా కొడుకు, మాల్‌లో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఆ మాల్ ఉన్నది కూడా ఒకప్పుడు మిల్లు ఉన్న జాగాలోనే. పగలంతా వాడు పడుకోవాలి. ఒక్క ఖోలీలో ఒకరు పడుకుంటే మిగతా నలుగురం గుసగుసలే. చప్పుడు చేయకుండా పిల్లగాడు ఆడుకునే ఆట ఏమున్నది చెప్పండి? చేపలను చూసుడు ఒక్కటే. అందుకే ఆ టాంకీ మా ఇంట్లో ఒట్టి సోకు కాదు.

అయితే వాడికి ఒట్టి చేపలు చాలలేదు, నీళ్ళలో చెట్లు కూడా కావాలన్నాడు. రంగు గులకరాళ్ళలో గుచ్చితే చెట్లు వారం నిలబడి కుళ్ళిపోతున్నాయి. వాళ్ళమ్మ ఫోనులో చూసి దానికి వేరే మట్టి ఉంటది తాతా అన్నాడు. సరే పద అని క్రాఫర్డ్ మార్కెట్‌కు తీసుకపోయాను. మెరీన్ లైన్స్‌లో దిగి నడిచాము. ఇప్పుడు దాని పేరు మహాత్మా ఫూలే మండీ అయినా మన నోటికి పాత పేరే వస్తుంది. అక్కడ చేపల దుకాణంలో జపాను మట్టి సంచి చూపించాడు. తొమ్మిది లీటర్ల సంచి 3,800 రూపాయలు. మా టాంకీలో రెండు అంగుళాల మందం పరవడానికి లెక్క సరిగ్గా తొమ్మిది లీటర్లే వచ్చింది. నాకు వచ్చే పెన్షన్ నెలకు 1,400 చిల్లర. పిల్లగాడు సంచి వంక చూశాడు, నా వంక చూశాడు, "వద్దులే తాతా, గప్పీలు చూసిపోదాం" అన్నాడు. వద్దు అని వాడు అంత తొందరగా అనడమే నాకు గుచ్చుకుంది.

దుకాణంవాడు మంచివాడే. అమెరికాలో ఆటమైదానాలలో చల్లడానికి కాల్చిన మట్టి పలుకులు బస్తాలుగా అమ్ముతారట, అక్కడి చేపలవాళ్ళు ఖరీదైన మట్టి కొనలేక అవే తెచ్చి టాంకీలో పోసుకుంటారట. ఇక్కడ ఆ బస్తా దొరకదు అన్నాడు. అతని మాటల్లో నా చెవిన పడింది "మట్టి" అన్నది ఒక్కటే. "కాల్చిన" అన్నది ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోయింది. మట్టే గదా, మట్టికి బొంబాయిలో కరువా అనుకున్నాను.

మరుసటి రోజే ప్రభాదేవి స్టేషన్‌లో బండెక్కాను. 2018 దాకా అది ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు. మాహింలో దిగి తూర్పు దిక్కు ధారావిలోకి నడిచి, తొంభై అడుగుల రోడ్డు పక్కన కుంభార్‌వాడ గల్లీలోకి తిరిగాను. మొదటిసారి ఏమీ చూడలేదు, నిజం చెప్తున్నా. ఎదురైన మొదటి ఇంట్లో మట్టి ఇస్తారా అని అడిగాను. ఒక పిల్లవాడు పిసికిపెట్టిన మట్టిముద్ద ఒక కవర్లో వేసి ఇచ్చాడు, యాభై తీసుకున్నాడు. యాభై రూపాయలకు 3,800ల పని అయిందని రైల్లో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ మట్టిని ఎండబెట్టి, చిదిపి, టాంకీలో పరిచి నీళ్ళు పోశాను. సాయంత్రానికి నీళ్ళు చాయ్ లాగా అయినయి. నాలుగు రోజులైనా తేరుకోలేదు. అయినా నేను తొందరపడి ఉన్న నాలుగు గప్పీలను అందులోనే వదిలాను. రెండు చచ్చిపోయాయి. పిల్లగాడు ఏడ్చినా, నన్ను తిట్టినా బాగుండు. ఒక్క మాట అనలేదు. వాటిని కాగితంలో చుట్టి కిందికి తీసుకపోయి చింతచెట్టు మొదట్లో పెట్టి వచ్చాడు. మా ఇంటామె మాత్రం అన్నది, "నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన, నాకన్నీ తెలుసంటవు. పిల్లగాని చాపలను చంపినవ్" అని. ఆమె లెక్కలో నలభై, నా లెక్కలో ఇరవై నాలుగు. కానీ ఆ పూట లెక్క దిద్దే ధైర్యం లేదు.

వారానికి మళ్ళీ పోయాను. ఈసారి గల్లీ గల్లీ నిదానంగా చూశాను. ఇక్కడి కుమ్మరులు సౌరాష్ట్ర దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. 1930ల నుంచి ధారావిలో ఉన్నారు. మన వాళ్ళు కరీంనగరం, పాలమూరు, నల్లగొండల నుంచి మిల్లులకు వచ్చినట్టే వాళ్ళు కుండలతో వచ్చారు. ఇళ్ళు మన చాళ్ళ లాగా ఎత్తుకు పోలేదు. పొడుగ్గా ఉంటాయి. ముందు వాకిట్లో దుకాణం, నడుమ కాపురం, వెనక చేసే పని. ఆ వెనక, రెండు వరుసల ఇళ్ళ నడుమ, ఆవాలు ఉన్నాయి. వాళ్ళు భట్టీ అంటారు. నడుమెత్తు ఇటుక గోడలు, పైకప్పు లేదు. ఒక్కో భట్టీ నాలుగైదు ఇళ్ళది. వంతులవారీగా కాలుస్తారు. అడుగున చెత్త పరిచి, కుండలు పేర్చి, సందుల్లో మళ్ళీ చెత్త కుక్కి, పైన పాత పెంకులూ బూడిదా కప్పి నిప్పు పెడతారు.

ఆ చెత్త ఏమిటో చూసి నేను ఆగిపోయాను. దూది వేస్టు! మూటలు మూటలు. చేయి పెట్టి ఒక పోగు లాగాను. గంజి పట్టిన పడుగు పోగు. వేళ్ళ నడుమ రాస్తే గరగర అన్నది. అట్లాంటి పోగులు ఎన్ని అతికి ఉంటానో ఈ వేళ్ళతో. మా ఖాతాలో దీన్ని హార్డ్ వేస్టు అని గోతాల్లో నింపి తూకం వేసేవాళ్ళు. ఎటు పోతుందో మేము ఎన్నడూ అడగలేదు.

భట్టీ పక్కన ఒక పెద్దమ్మ కూర్చుని దీపంతల నుంచి పగిలినవి ఏరుతున్నది. అరవై దాటి ఉంటది. హిందీ గుజరాతీ కలిపి మాట్లాడుతుంది. "ఏం చూస్తున్నవ్ కాకా, ఇది ఇప్పుడు భివండీ నుంచి వస్తది. ముందు మీ పరేల్ మిల్లుల నుంచే వచ్చేది" అన్నది. నేను మిల్లు మనిషినని ఎట్ల తెలిసింది బెన్ అని అడిగాను. "పోగు పట్టుకున్న తీరు చూసిన" అన్నది.

అక్కడే కూలబడ్డాను. 1982 సమ్మె మాట వచ్చింది. జనవరి 18న మొదలైంది, రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చాము, అది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆమెకు కూడా ఆ సాలు యాదికుంది. మిల్లులు ఆగితే వేస్టు ఆగింది, రంపపు పొట్టు కొని కాల్చుకున్నారట. మన పొయ్యిలు ఆరినప్పుడు వాళ్ళ భట్టీలూ ఇబ్బంది పడ్డాయని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

తర్వాత నా టాంకీ కథ చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పచ్చిమట్టి నీళ్ళలో వేస్తే మట్టే అయితది కాకా. నిప్పు చూసిన మట్టి మళ్ళీ మట్టి కాదు" అన్నది. భట్టీ మీద కప్పే పెంకుల కుప్ప చూపించింది. అవి ఒక్కసారి కాదు, పది సార్లు నిప్పు చూసినవి. మరీ చిన్నగా పగిలినవి కప్పడానికి పనికిరావు, పారేస్తారు. ఒక్కోదాన్ని ఇంకో పెంకుతో కొట్టి వినిపించింది. ఖణేల్‌మంటే కాలింది, దబ్బుమంటే లోపల పచ్చి. మగ్గం మీద చెక్క తగిలే చప్పుడును బట్టి ఎక్కడ తేడా ఉందో పట్టే చెవులు నావి. అరగంటలో నేర్చుకున్నాను. రంగు వేసినవీ, నున్నగా మెరుపు పూసినవీ తీయొద్దన్నది. రంగు నీళ్ళలో దిగుతుంది, మెరుపు పూస్తే నీళ్ళు పీల్చదు. పది పన్నెండు కిలోలు గోతాంలో నింపాను. పైసలిస్తే తీసుకోలేదు. "పారేసే దానికి పైసలా?" అన్నది.

ఇక పని సంగతి. మీలో ఎవరైనా చేసుకుంటారేమో అని కొంచెం వివరంగా రాస్తున్నాను. పెంకులను ముందు నీళ్ళలో నానబెట్టి, తడి గోనెపట్టా నడుమ పెట్టి సుత్తెతో కొట్టాలి. పొడిగా కొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. దూది దుమ్ము తిన్న వాళ్ళం, మనకు వేరే చెప్పాలా. మేడ మీద కొట్టాను, ఇంట్లో కొడుకు నిద్ర చెడకుండా. కందిపప్పు అంత పలుకులు కావాలి. జల్లెడ పట్టి, పొడి అంతా తీసేసి, నీళ్ళలో కడగాలి. నేను తొమ్మిది బకెట్లు కడిగితే గానీ నీరు తేటగా రాలేదు. మన చాల్‌లో నీళ్ళు వచ్చేది పొద్దున కాసేపే గనుక ఆ పని మూడు రోజులు పట్టింది. కడిగిన ఎర్రనీళ్ళు మా కోడలు తులసికీ కరివేపాకుకూ పోసింది, ఒక్క చుక్క పారబోయలేదు.

ఈసారి తొందరపడలేదు. గుప్పెడు పలుకులు గాజు సీసాలో వేసి వారం ఉంచాను. వేళ్ళతో నలిపితే నలగలేదు, నీరు మారలేదు. నిమ్మకాయ పిండి చూశాను. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు, అది నీళ్ళను మారుస్తుంది. పొంగలేదు. అప్పుడు టాంకీలో పోశాను. బకెట్లో ఒక రాత్రి నిలవ ఉంచిన నీళ్ళు, మందు వాసన పోయాక, పళ్ళెం మీదుగా మెల్లగా వంచాము. తెల్లవారి లేచి చూస్తే నీళ్ళలోంచి వెనక గోడ మీది క్యాలెండరులో తేదీ చదవవచ్చు.

ఆ పలుకుల్లో బలం ఏమీ ఉండదు, అది తెలుసుకోవాలి. కాలిన మట్టి నిండా కంటికి కనపడని తూట్లు ఉంటాయి. చేపల పెంటలో ఉండే బలాన్ని ఆ తూట్లు పట్టి ఉంచి వేళ్ళకు అందిస్తాయి. ఒట్టి గులకరాయికి ఆ గుణం లేదు. ఒక చిక్కు కూడా ఉంది. పలుకులు తేలిక. చెట్టు గుచ్చితే పొద్దునకు పైకి తేలి వస్తుంది. మొక్క మొదట్లో నాలుగు బరువు రాళ్ళు పెట్టాము. రిబ్బన్ లాగా పొడుగ్గా ఉండే వాలిస్నేరియా నాలుగు మొక్కలు కుర్లా చేపల బజారులో కొన్నాము. ముందు చెట్లే, నెల దాకా కొత్త చేపలు వద్దన్నాను. మిగిలిన రెండు గప్పీలు అంతదాకా బకెట్లోనే ఉన్నాయి. పిల్లగాడు నోట్‌బుక్కులో రోజూ ఆకు పొడుగు కొలిచి రాసేవాడు. ఇరవయ్యో రోజున నన్ను నిద్రలేపి, వాళ్ళ నాయన లేవకుండా చెవిలో చెప్పాడు, "తాతా, పక్కన పిల్ల లేచింది." చూస్తే పలుకుల సందులోంచి వేరు పాకి, జానెడు దూరంలో కొత్త మొక్క. రెండు నెలల తర్వాత వాడు నాతో ముందు తానుగా మాట్లాడిన మాట అది.

దసరా సెలవుల్లో వాణ్ణి తీసుకుని మూడోసారి పోయాను. ఆ రోజు భట్టీ అంటించారు. నల్లటి పొగ గల్లీ నిండా కమ్ముకుంది. ఈ పొగ మీద పేచీలు ఎప్పటినుంచో ఉన్నాయి, పొగ తాగేది కూడా ముందు వాళ్ళే. ధారావి మొత్తం కూల్చి కట్టే మాట అక్కడ ప్రతి అరుగు మీదా నడుస్తున్నది. "ఇల్లు ఎన్నో అంతస్తులో ఇచ్చినా పోయి పడుకుంట కాకా. భట్టీని ఏ అంతస్తులో పెడత?" అన్నది ఆ పెద్దమ్మ. మిల్లు మూసినప్పుడు మా సాంచాలు తుక్కు కింద తూకానికి పోవడం నేను గేటు బయట నిలబడి చూసినవాణ్ణి. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు.

పైసలు తీసుకోలేదని పిల్లగాడు ఆమెకు ఒకటి తెచ్చాడు. మా టాంకీలో పుట్టిన గప్పీ పిల్లలు, ప్లాస్టిక్ సంచిలో. మట్టి పిసకడానికి ఆమె నీళ్ళు నిలవ ఉంచే డ్రమ్ములో దోమపురుగులు ఉన్నాయని వాడు పోయినసారి నా నోట విన్నాడు. గప్పీలు వాటిని తింటాయి. ఆమె చేతులకు అంటిన మట్టిని చీరకొంగుకు తుడుచుకుని, సంచి మూతి విప్పి డ్రమ్ములో వంచింది. ఇద్దరూ డ్రమ్ము మీదికి వంగి లెక్కపెట్టారు. ఆమె ఐదు అన్నది, వాడు ఆరు అన్నాడు. పొగలో నాకు ఒక్కటీ కనపడలేదు.