సొమ్ము ముందా, బండి ముందా?

మోకాళ్ల నొప్పులతో బాధపడు మా యత్తగారిని వైద్యునియొద్దకు గొనిపోవుటకై, బడిపంతులైన మావారు తొమ్మిదేండ్లు కూడబెట్టిన సొమ్ముతో కారు కొనదలచి, గాజువాకలోని యొక యంగడికి బోయితిమి.

“పూర్తి వెల చెల్లించినగాని రిజిస్ట్రేషను కాదు, అది యైన పిమ్మటనే బండి” యని వర్తకుడనెను. మావారు చెక్కు తీసిరి. నేను మెల్లగా, “ఏ బండికి?” అని యడిగితిని. అది యింకను రాలేదట!

ముందు సొమ్మడుగుట యన్యాయము కాదు, వర్తకునకును భయముండును. కాని 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, ఫలానా వస్తువని నిర్ణయము కానిదే దానిపై కొన్నవారికి స్వామ్యము కలుగదు. ఈలోపల నతడు దివాలా తీసినచో మన చేత మిగులునది రసీదే.

కావున కొద్దిపాటి బయానా మాత్రమిచ్చి వచ్చితిమి. బండి వచ్చినపిదప చాసిస్ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు, తయారైన నెలయు స్వయముగా జూచి, ఆ సంఖ్యలను బిల్లుపై వ్రాయించి, మిగిలిన సొమ్మును గుమాస్తా చేతికి గాక బ్యాంకు ద్వారా అంగడి ఖాతాకే చెల్లించితిమి. చిక్కు వచ్చినవారు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు జెప్పుకొనవచ్చును.

సంతలో కుండను సైతము తట్టి చూచి కొనెడు మనము, కారు కొనునపుడు మాత్రము మౌనము వహింపనేల?